వెనక మెట్ల మేడమ్

మా స్కూల్లో రెండు మెట్లదారులున్నాయి. ముందువైపు మెట్లు వెడల్పుగా, నున్నగా ఉంటాయి. పట్టుకోవడానికి ఇత్తడి కమ్మీ కూడా ఉంది. వాటి మీద, పిల్లల్ని కొత్తగా చేర్పించడానికి వచ్చేవాళ్ళు ఎక్కుతారు. వెనకవైపు మెట్లు ఇరుకు, నిటారు, ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు. కట్టినవాడెవడో గానీ వాడికి మోకాళ్ళు లేవని నా గట్టి నమ్మకం. ఆ మెట్లు నేనెక్కుతాను.

ఎందుకెక్కుతానో చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకేం పోయింది.

ఏడాదికోసారి, ఆరో తరగతిలో చేర్పించాలనుకునే తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని మా ఆడపిల్లల హైస్కూలు చూడ్డానికి వస్తారు. పెద్దమేడమ్ వాళ్ళని గది గదికీ తిప్పుతుంది. మొదటిది కింద సైన్సు ల్యాబ్. అక్కడ తెల్లకోటు వేసుకుని నేనుంటాను. వాళ్ళు ముందు మెట్లు ఎక్కుతుంటే నేను వెనక మెట్లెక్కి, కోటు ఊడదీసి, బూడిదరంగు శాలువా కప్పుకుని, ముక్కు చివర కళ్ళజోడు పెట్టుకుని లైబ్రరీ బల్ల వెనక కూర్చుంటాను. అప్పుడు నేను లైబ్రేరియన్ని. అక్కణ్ణుంచి వాళ్ళు కదలగానే మళ్ళీ వెనక మెట్లు. పై అంతస్తులో శాలువా తీసేసి, చేతులకి సుద్ద పూసుకుంటే లెక్కల టీచర్ని. చివరికి ఆ మెట్లన్నీ దిగి, టోపీ పెట్టుకుని మెళ్ళో విజిల్ వేసుకుంటే ఆటల టీచర్ని. భాషల టీచరమ్మదీ ఇదే బతుకు. కాకపోతే ఆవిడ చిన్నది, చెంగుచెంగున ఎక్కేస్తుంది.

ఇదేదో మోసం అనుకుంటారేమో. లైబ్రేరియన్ రిటైరయ్యాక ఆ తాళం నా జేబులోకి వచ్చింది. లెక్కల టీచర్ బదిలీ అయ్యాక ఆ క్లాసులు నా నెత్తిన పడ్డాయి. ఆటలావిడ పురిటికి వెళ్ళి మళ్ళీ రాలేదు, విజిల్ మాత్రం నాకు మిగిలింది. ప్రతిసారీ పెద్దమేడమ్ అన్న మాట ఒక్కటే. "ఈ ఒక్క ఏడాదికి సర్దుకోండమ్మా." ఏడాది పొడుగునా ఆ నాలుగు పనులూ నిజంగా నేనే చేస్తాను. ఆ ఒక్కరోజు మాత్రం నలుగురిలా కనిపించాలి. "ఇది అబద్ధం కాదు. ఉన్న నిజాన్నే నాలుగు ముక్కలు చేసి నాలుగు గదుల్లో పెడుతున్నాం," అంటుంది పెద్దమేడమ్. ఆవిడ అలా అన్నప్పుడు నా మొహం వంక చూడదు.

ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు. మొదట్లో చచ్చేంత భయపడేదాన్ని. తర్వాత అర్థమైంది, టీచర్ మొహం ఎవరూ చూడరని. కోటు చూస్తారు, కళ్ళజోడు చూస్తారు, పిల్లల గుసగుసలకి ఎలా కసురుతుందో చూస్తారు. మొహం నాదైతేనేం, ఇంకొకరిదైతేనేం.

ఈసారి వ్యవహారం ఎప్పటిలా లేదు. ఆరో తరగతి నిండకపోతే ఆ తరగతి తెరవద్దని పైఆఫీసు నుంచి మాటొచ్చింది. ఆరు లేకపోతే మరుసటేడు ఏడుండదు. అలా కిందనుంచి ఒక్కో తరగతీ ఖాళీ అవుతూ అవుతూ ఒకరోజు గేటుకి తాళం పడుతుంది. అది విన్నప్పట్నుంచీ పెద్దమేడమ్‌కి కంటిమీద కునుకు లేదు.

నాకు మాత్రం సుఖంగా నిద్రపడుతోంది. ఎందుకంటే నేను మానేస్తున్నాను.

ఆ సంగతి మా ఆయనకొక్కడికే తెలుసు. విన్నరోజునే బజారుకెళ్ళి రెండు పేము కుర్చీలు కొనుక్కొచ్చాడు. వాటిని కిటికీ దగ్గర పక్కపక్కన వేసి, రోజూ పొద్దున్నే రెండోదాని మీద దుమ్ము కూడా తుడుస్తున్నాడు. "నీ కుర్చీ నిన్నే అడుగుతోంది," అంటాడు. మనిషి ఎక్కువ మాట్లాడడు. పెళ్ళయినప్పట్నుంచీ సాయంత్రాలు నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే తను ఒక్కడే కూర్చుని రేడియో విన్నాడు. ఒక్కసారైనా ఏమీ అనలేదు. అందుకే నాకు ఇంకా పాపంగా ఉంటుంది. ఈ సందడేదో అయిపోగానే, ఆ సాయంత్రమే పెద్దమేడమ్ గదికి వెళ్ళి మానేస్తున్నానని చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాను.

చెల్లెలికి మాత్రం ఇంకా చెప్పలేదు. అదీ నా గొడవ.

మా చెల్లెలు బస్టాండులో టికెట్ కౌంటర్లో పనిచేస్తుంది. దానికి ఒక్కతే కూతురు. పిట్టలా తింటుందని చిన్నప్పుడు పిట్ట అన్నాం, ఆ పేరే ఖాయమైపోయింది. పిట్ట గొంతు పుట్టుకతోనే బొంగురు. క్లాసులో ఎవతో ఆ గొంతుని అనుకరించి చూపించిందట, అంతా పగలబడి నవ్వారట. అంతే, ఆ పిల్ల బళ్ళో నోరు తెరవడం మానేసింది. రోజూ బడికి బయల్దేరే వేళకి కడుపునొప్పి. డాక్టరేమో ఏమీ లేదంటాడు. నొప్పేమో నిజంగానే ఉంటుంది, మెలికలు తిరిగిపోతుంది.

"నీ స్కూల్లో వేసేస్తానక్కా," అంది చెల్లెలు ఫోన్లో. "నువ్వున్నావన్న ధైర్యం. ఇంకెవర్నీ నమ్మలేను నేను."

నోటిదాకా వచ్చింది, నేనుండటం లేదే అని. ఫోన్లో చెప్పే మాటా అది? "రేపొద్దు, ఎల్లుండి రా. జనం ఉండరు, తీరిగ్గా చూపిస్తాను," అన్నాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని నిజం చెప్పేద్దాం, ఆ తర్వాత దాని ఇష్టం అనుకున్నాను.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున్నే తెల్లకోటు వేసుకుని, గుంటలోంచి పట్టుకొచ్చిన నీటిచుక్క మైక్రోస్కోపు కింద పెట్టాను. మాకున్నది ఒక్కటే మైక్రోస్కోపు. పెద్దమేడమ్ నవ్వు పులుముకుని జనాన్ని తీసుకొచ్చింది. మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయి వచ్చేసిన టైలర్ ఒకాయన, ఆయన కూతురు. ఎండా వానా లేకపోయినా గొడుగు పట్టుకున్న ఒకావిడ, ఆవిడ కూతురు. ఇంకొందరు. వాళ్ళందరి వెనకాల, పిట్ట చెయ్యి పట్టుకుని మా చెల్లెలు!

దగ్గరకొచ్చి చెవిలో గొణిగింది. "రేపటి డ్యూటీ మార్చారక్కా, అందుకే ఇవాళే వచ్చేశాను."

"నేనెక్కడ కనిపించినా నోరెత్తకు," అని చెప్పబోయాను. ఇంతలో పెద్దమేడమ్ నా భుజం మీద చెయ్యేసి, "ఈవిడ మా సైన్సు మేడమ్. ఈవిడ ఉన్నంతకాలం మా ల్యాబ్‌కి ఢోకా లేదు," అని అందరికీ చూపించింది. నేను చెల్లెలికి కన్ను కొట్టాను. అది, "కంట్లో నలకేమైనా పడిందా అక్కా?" అని రుమాలు తీసిచ్చింది. ఏం చెప్పమంటారు!

పిల్లలు వరసగా మైక్రోస్కోపులోకి చూశారు. టైలర్ కూతురు చూసి ఛీ అంది. గొడుగావిడ కూతురు చూడనే లేదు. పిట్ట వచ్చి, కన్ను ఆనించి, ఇక తీయలేదు. తర్వాత ఆ బొంగురు గొంతు, గదిలో అందరికీ వినిపించేలా, "దీనికి కాళ్ళున్నాయి!" అంది.

మా చెల్లెలు నావంక చూసింది. దాని కళ్ళు నిండిపోయాయి. కొత్తవాళ్ళ మధ్య ఆ పిల్ల గొంతు విని ఎన్నాళ్ళయిందో అది చెప్పక్కర్లేదు నాకు.

"కాళ్ళు కాదే, వెంట్రుకల్లాంటివి. వాటితో ఈదుతుంది," అన్నాను.

"ఎటు వెళ్తోంది?"

"దానికే తెలీదు."

"అలిసిపోదా?"

ఈలోగా పెద్దమేడమ్ చప్పట్లు కొట్టి అందర్నీ ముందు మెట్లవైపు కదిలించింది. అక్కడ గోడ మీద పాత బ్యాచుల ఫోటోలుంటాయి. నేను పైకి చేరేదాకా ఆవిడ ఒక్కో ఫోటో దగ్గరా ఆగి, ఏ వరసలో ఎవరు నిలబడ్డారో, వాళ్ళిప్పుడేం చేస్తున్నారో చెబుతుంది. నేను సర్దుకున్నాక పైనుంచి ఆయా దగ్గుతుంది. అప్పుడు కదులుతారు. మా ఏర్పాటు అది.

నేను వెనక తలుపులోంచి జారుకున్నాను. ఆయా శాలువా, కళ్ళజోడు పట్టుకుని మెట్ల మధ్యలో నిలబడి ఉంది. సగం ఎక్కేసరికి మోకాలు కలుక్కుమంది. ఇక అడుగు పడలేదు. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

"లేవండమ్మా, వాళ్ళొచ్చేస్తారు," అంది ఆయా.

"రానీ. ఇదే ఆఖరు. సాయంత్రం చెప్పేస్తున్నా పెద్దమేడమ్‌కి, మానేస్తున్నానని. నావల్ల కాదే తల్లీ ఇక. కోటు తీయడం, శాలువా కప్పడం, ఎక్కడం, దిగడం... మనిషినా, బొంగరాన్నా? ఇంట్లో నాకోసం ఒక కుర్చీ ఉంది. పోయి దాంట్లో కూర్చుంటాను. లేవమంటే లేవను."

ఆయా నా మీదుగా కిందమెట్ల వైపు చూస్తోంది. నేనూ అటు చూద్దును కదా, పిట్ట! మైక్రోస్కోపు దగ్గర అందరూ వదిలేసిపోతే నా వెనకే వచ్చేసింది.

"ఎప్పుడొచ్చావే?"

"ఇందాకే."

అది ఆయా చేతిలోంచి శాలువా తీసుకుని, మడత విప్పి నా భుజాల మీద వేసింది. నా చంకలో చెయ్యి పెట్టి లేపింది. పిట్టకి బలం ఎక్కడిది, నేనే లేచాను. కానీ ఆ చెయ్యి అక్కడుంది. ఒక్కో మెట్టు దగ్గరా అది ఆగి నా కాలు పైకి వచ్చేదాకా చూసి, అప్పుడు తన కాలు కదిపింది. ఇన్నేళ్ళలో ఆ మెట్ల మీద నాతో పాటు ఎవరూ ఎక్కలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నాకు ఏడుపొచ్చింది.

లైబ్రరీలో బల్ల వెనక కూలబడి కళ్ళజోడు పెట్టుకున్నానో లేదో, ఆయా దగ్గింది. పెద్దమేడమ్ లోపలికొస్తూనే, "ఇది మా లైబ్రరీ. ఈవిడ మా లైబ్రేరియన్..." అని మొదలుపెట్టింది.

"అక్కా!" అని ఒక్క కేక పెట్టింది మా చెల్లెలు, జనాన్ని తోసుకుంటూ. "పిల్ల కనిపించట్లేదే! నువ్వేంటి, కింద ఉండాల్సినదానివి ఇక్కడున్నావు? పిల్ల ఏదీ?"

పిట్ట బల్ల పక్కనుంచి చెయ్యి ఊపింది. చెల్లెలు ఊపిరి పీల్చుకుంది. ఆ గదిలో ఊపిరి పీల్చుకున్నది అదొక్కతే.

టైలర్ నావంక చూశాడు. ప్యాంట్లకీ చొక్కాలకీ కొలతలు తీసే మనిషి కదా, ఆ చూపు మనిషి కొలత మర్చిపోదు. "ఈవిడ కింద కోటు వేసుకున్న సైన్సు మేడమ్ కదండీ?" అన్నాడు.

పెద్దమేడమ్ నోరు తెరిచి మూసింది. ముప్పయ్యేళ్ళుగా మైకు ముందు తడబడని మనిషి. చివరికి, "కవలలండీ," అంది. "కింద ఉన్నావిడ, ఈవిడ... కవలలు."

"మా ఇంట్లో కవలలెవరున్నారు మేడమ్?" అంది మా చెల్లెలు, అమాయకంగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. చెల్లెలి మీద కాదు, పెద్దమేడమ్ మీద కూడా కాదు. ఆ శాలువా మీద. లాగి బల్ల మీద పడేశాను.

"కవలలూ లేరు, కాకరకాయలూ లేరు. ఒక్కదాన్నే," అన్నాను. "సైన్సు నేనే చెబుతాను. ఈ లైబ్రరీ తాళం నా దగ్గరే ఉంటుంది. పైన లెక్కల గది ఉంది, అక్కడా నేనే ఉండబోతున్నాను కాబట్టి మీరు మెట్లెక్కి కాళ్ళు నొప్పులు తెచ్చుకోకండి. ఆటస్థలంలో టోపీ పెట్టుకుని కనిపించేదీ నేనే. ఈవిడతో కలిపి మేం మొత్తం ముగ్గురం టీచర్లం. మనుషుల్నిమ్మని అడిగీ అడిగీ ఈవిడకి నోరు పడిపోయింది. అందుకే ఈ వేషాలు."

పెద్దమేడమ్ మెల్లగా పిల్లల స్టూలు మీద కూర్చుంది. ఆవిడ అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

గొడుగావిడ, "ఎంత దగా! పదవే," అని కూతురి రెక్క పట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే ఇంకొందరు. మెట్ల మీద వాళ్ళ చెప్పుల చప్పుడు వింటూ కూర్చున్నాం. మిగిలినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

టైలర్ గొంతు సవరించుకున్నాడు. "నా దుకాణం బోర్డు మీద 'అండ్ సన్స్' అని రాయించానమ్మా. నాకు కొడుకుల్లేరు. కొలతలు నేనే తీస్తాను, నేనే కుడతాను, ఇస్త్రీ కూడా నేనే. ఎవరైనా గట్టిగా అడిగితే అబ్బాయిలు భోజనానికి వెళ్ళారంటాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పెద్దమేడమ్ కూడా నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది.

"ఒక్క మనిషి ఇంత చాకిరీ చేస్తున్నారంటే పిల్లల్ని గాలికొదిలేసే రకం కాదు కదా," అన్నాడు టైలర్. "మీరున్నారు, చాలమ్మా. మా పిల్లని వేస్తాను. మీరుంటారు కదా?"

పక్కనున్నావిడ కూడా, "అవునమ్మా, మీరుంటే మేమూ," అంది.

చూశారా నా గతి! అన్ని నిజాలూ చెప్పేసి చేతులు దులుపుకున్నాననుకున్నాను. చెప్పని నిజం ఒక్కటి మిగిలింది, సరిగ్గా దాని మీదే అందరూ వచ్చి కూర్చున్నారు.

"ఎక్కడికి పోతుంది! ఈవిడ లేకుండా ఈ స్కూలుందా అసలు?" అంది పెద్దమేడమ్, కొత్తగా ప్రాణం వచ్చినట్టు.

నేను బల్ల కింద మోకాలు పట్టుకున్నాను. మా చెల్లెలు మాత్రం మొహమంతా వెలుగుతో కూతురివైపు వంగింది. "చూశావా, పెద్దమ్మ ఇక్కడే ఉంటుంది. నీకు నచ్చిందా ఈ స్కూలు? ఇక్కడ చదువుకుంటావా?"

అందరూ పిట్టవంక చూశారు. పిట్ట నావంక చూసింది. నా మొహం కాదు, మోకాలు చూసింది. బల్ల కింద మోకాలు ఒత్తుకుంటున్న నా చెయ్యి చూసింది.

"నచ్చలేదు," అంది.

"అదేంటే? ఇందాక అంత..."

"నాకు నచ్చలేదమ్మా. కంపు కొడుతోంది. పాతస్కూలే బాగుంది. అక్కడికే వెళ్తాను."

పాతస్కూలు బాగుందట! రోజూ మెలికలు తిరిగిపోయే పిల్ల! చెల్లెలి మొహంలో వెలుగు ఆరిపోయింది. జబ్బకి సంచీ తగిలించుకుని, "సరే పద," అంది. ఎన్నోసార్లు ఓడిపోయినవాళ్ళు అనే 'సరే' అది. ఇద్దరూ తలుపువైపు నడిచారు.

మిగిలినవాళ్ళు కూడా కదిలేలా ఉన్నారు. సొంత చెల్లెలి కూతురే వద్దన్నాక ఇంకెవరు చేర్పిస్తారు? నేను గమ్మున ఊరుకుంటే చాలు. ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. నేను బయటపడ్డానికి ఆ పిల్లే తలుపు తీసి పట్టుకుంది. సాయంత్రానికల్లా కిటికీ దగ్గర నా కుర్చీలో ఉంటాను. దేవుడి మీద ఒట్టు, ఊరుకుందామనే అనుకున్నాను. అంత అలిసిపోయి ఉన్నాను.

తలుపు దగ్గర పిట్ట ఒక్కసారి వెనక్కి తిరిగింది, నేనెలా ఉన్నానో చూద్దామని. కిటికీ వెలుతురు దాని మొహం మీద పడింది. కుడికన్ను చుట్టూ ఎర్రగా, గుండ్రంగా, మైక్రోస్కోపు గొట్టం అచ్చు ఇంకా ఉంది. ఎంత గట్టిగా ఆనించి చూసిందో!

"ఆగవే!" అన్నాను. ఆ గదిలో ఎవరూ అంత గట్టిగా అరిచి ఉండరు. "చెల్లీ, ఆగు. అది అబద్ధం చెబుతోంది."

"పెద్దమ్మా, వద్దు," అంది పిట్ట.

"నువ్వు నోర్మూయ్. దాని కన్ను చూడవే ఒకసారి. నచ్చనిదాన్ని అంత అదిమిపెట్టి చూస్తారా ఎవరైనా? నాకోసం చెబుతోంది. నేను మానేస్తున్నాను, ఇవాళ సాయంత్రం చెప్పేద్దామనుకున్నాను. వెనక మెట్ల మీద అది వినేసింది. తను చేరితే నేను వెళ్ళలేనని..."

చెల్లెలు పిట్టని చూసింది, నన్ను చూసింది. "నాకెందుకు చెప్పలేదక్కా?" అంది. కోపంగా అనుంటే బాగుండేది. కోపం లేదు దాని గొంతులో.

పెద్దమేడమ్ స్టూలు మీద నుంచే, "మోకాళ్ళా?" అని అడిగింది.

"మోకాళ్ళు, నడుము, గొంతు, అన్నీ."

"నాకూ అంతే," అంది ఆవిడ. ఇన్నేళ్ళ స్నేహంలో ఆవిడ తన ఒంటి గురించి చెప్పిన మొదటి మాట అదే.

"మరిప్పుడెలాగమ్మా?" అన్నాడు టైలర్. మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాడు, ఎటు లాగాలో తెలీనట్టు.

నేను పిట్టని చూశాను. అది తల వంచుకుని, బొటనవేలితో నేలని రాస్తోంది. పదకొండేళ్ళ పిల్ల. రోజూ కడుపునొప్పికి తిరిగి వెళ్ళడానికి సిద్ధపడింది, నేను కూర్చోవాలని. ఇంతవరకూ ఎవరూ నాకోసం అంత పని చెయ్యలేదు. ఆ కుర్చీలో ఎలా కూర్చుంటాను నేను, చెప్పండి?

"ఉంటాను," అన్నాను. "ఎన్నాళ్ళంటే చెప్పలేను. ఈ పిల్ల ఆరో తరగతి దాటేదాకా మాత్రం ఖాయం. ఆ తర్వాత నా ఒళ్ళు ఎలా చెబితే అలా. కానీ ఇక ఈ మెట్లు ఎక్కను. ఒక్క మెట్టు కూడా ఎక్కను. శాలువాలూ టోపీలూ వెయ్యను. కింద ల్యాబ్‌లో కూర్చుంటాను. లెక్కలకైనా సైన్సుకైనా పిల్లలే నా దగ్గరికి దిగి రావాలి. పుస్తకం కావలసిన పిల్ల తాళం తీసుకుని తనే పైకెళ్ళాలి. ఇష్టమైనవాళ్ళు చేర్పించండి. లేదంటారా, నాకేం కోపం లేదు."

ఎవరు చేర్పించారు, ఎవరు వెళ్ళిపోయారు అన్నది చెప్పుకుంటే పెద్ద కథ. టైలర్ చేర్పించాడు. ఇంకా చేరారు. తరగతి నిండిందా అంటే, పెద్దమేడమ్ ఇంకా పైఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉంది, వీళ్ళకైనా తలుపు తెరవమని. ఆవిడ పట్టు పడితే వదలదు. తెరిపిస్తుంది.

ఆ రోజు మాత్రం ముందు మెట్ల మీదుగా దిగాను. ఇత్తడి కమ్మీ ఒకవైపు, పిట్ట భుజం ఒకవైపు. ఫోటోల దగ్గర ఆగాను, పెద్దమేడమ్ కథలు చెప్పే ఫోటోలు. నేనెప్పుడూ వాటిని తీరిగ్గా చూడలేదు. చాలావాటిలో ఓ పక్కన నేనే ఉన్నాను.

"కోపమొచ్చిందా పెద్దమ్మా?" అంది పిట్ట.

"వచ్చింది. ఇంకోసారి నాకోసం అబద్ధం చెప్పావంటే కాళ్ళు విరగ్గొడతాను."

అది కాసేపు ఆలోచించి, "ముందు నీ కాళ్ళు బాగవ్వాలి కదా," అంది.

ల్యాబ్‌లోకి రాగానే మళ్ళీ మైక్రోస్కోపు మీద పడింది. నేను మా ఆయనకి ఫోన్ చేశాను. ఒక్క గంట మోగగానే తీశాడు, పక్కనే కూర్చుని ఉన్నట్టున్నాడు.

"చెప్పేశావా?" అన్నాడు.

"చెప్పాను."

"ఏమన్నారు?"

"ఆ కిటికీ దగ్గరున్న పేము కుర్చీ, ఎవరిదైనా బండిలో వేయించి ఇక్కడికి పంపించగలవా?" అన్నాను.

"బడికా? బడిలో ఎందుకు?"

"కూర్చోవడానికి."

అవతల రేడియో చిన్నగా వినిపిస్తోంది. ఆయనకి అర్థమైపోయింది. ఎప్పుడూ అంతే, నేను సగం చెప్పకముందే మిగతా సగం మింగేస్తాడు.

"ఒకటా, రెండూనా?" అని అడిగాడు చివరికి.

"ఒకటే," అన్నాను. అని, ఫోను గట్టిగా పట్టుకుని, పిట్టకి వినపడకుండా ఏడ్చాను.